మెడికల్ కోడింగా, క్యాన్సర్ ఇమ్యునోథెరపీ పరిశోధనా: ఎమ్మెస్సీ అమ్మాయికి జవాబు

ప్రశ్న క్లుప్తంగా ఇది. సూర్యాపేట నుంచి వచ్చి హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ ఆఖరి సెమిస్టర్ చదువుతున్న ఒకమ్మాయి అడిగింది: "మా క్లాసులో సగం మంది అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్‌కి చేరిపోయారు. నాకు క్యాన్సర్ ఇమ్యునోథెరపీలో సైంటిస్టు కావాలని ఉంది. ఇక్కడుండి అయ్యే పనేనా? ఎన్నేళ్లు పడుతుంది, మధ్యలో బతకడానికి డబ్బులొస్తాయా? కార్-టి ఒక్కటి నేర్చుకుంటే చాలంటున్నారు, నిజమేనా?" ఇంట్లో సంబంధాలు చూస్తున్నారని కూడా చివర్లో రాసింది.

అయ్యే పనే. కాకపోతే మీ పేరు మీద సొంత పరిశోధన మొదలయ్యేసరికి ముప్పై దాటుతాయి, దానికి ఇంట్లోవాళ్లు, మీరు ఇద్దరూ సిద్ధపడాలి. మధ్యలో పస్తులుండే పరిస్థితైతే లేదు. ఇక అసలు మాట: క్యాన్సర్ ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తితోనే క్యాన్సర్ మీద పోరాడించే చికిత్స) అని బోర్డు ఉన్న ల్యాబ్ కోసం వెతక్కండి, ఇమ్యునాలజీ, అంటే రోగనిరోధక శాస్త్రం, గట్టిగా నేర్పే ల్యాబ్ కోసం వెతకండి. ఆ ల్యాబ్ క్షయ మీద పనిచేస్తున్నా, పశువుల జబ్బుల మీద పనిచేస్తున్నా ఫర్వాలేదు. కార్-టి (రోగి సొంత రోగనిరోధక కణాలను మార్చి తిరిగి ఎక్కించే చికిత్స) ఒక్కటే నేర్చుకుంటే చాలదు. ఎందుకో కింద చెప్తాను.

నా సంగతి: ఇమ్యునాలజీలో పీహెచ్‌డీ ఈ ఊళ్లోనే చేసి, పోస్ట్‌డాక్‌కి (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన ఉద్యోగం) బయటికెళ్లి తిరిగొచ్చినదాన్ని. ఇప్పుడు నగరంలో ఒక పరిశోధన సంస్థలో చిన్న ల్యాబ్ నడుపుతున్నాను. నోటి క్యాన్సర్ గడ్డల్లోకి చేరిన టి-కణాలు (జబ్బు కణాలను వెతికి పట్టే ఒక రకం తెల్లకణాలు) ఏ స్థితిలో ఉన్నాయన్నది మా పని. నా పీహెచ్‌డీలో క్యాన్సర్ ఊసే లేదు.

నాదే కాదు, ఈ రంగానికి పునాది వేసినవాళ్ల కథలన్నీ ఇంచుమించు ఇలాగే ఉంటాయి. 2018లో వైద్యశాస్త్ర నోబెల్ జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు కలిపి ఇచ్చారు. ఆలిసన్‌కి పట్టింది టి-కణం ఎలా మేల్కొంటుంది, ఎలా ఆగుతుంది అన్న ప్రశ్న. దాని మీద బ్రేకులా పనిచేసే సీటీఎల్ఏ-4 అనే అణువును యాంటీబాడీతో అడ్డుకుంటే ఎలుకల్లో గడ్డలు కరిగిపోయాయని ఆయన ల్యాబ్ 1996లో చూపించింది. మందుల కంపెనీలు చాలాకాలం దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఆ దారిన వచ్చిన ఇపిలిముమాబ్ అనే మందుకి అమెరికాలో అనుమతి దొరికింది 2011లో, అంటే పదిహేనేళ్లకి. హోంజోది ఇంకో దారి. క్యోటోలో ఆయన బృందం కణాలు తమంతట తాము ఎలా చచ్చిపోతాయో వెతుకుతూ 1992లో పీడీ-1 జన్యువును పట్టుకుంది. అది టి-కణానికి రెండో బ్రేకు అని తేలడానికి ఇంకొన్నేళ్లు పట్టింది.

మూడో మనిషి మన ఊరివాడు. రఫీ అహ్మద్ హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో డిగ్రీ చదివి, అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో పీహెచ్‌డీ చేసి, ఎమొరీ విశ్వవిద్యాలయంలో స్థిరపడ్డారు. ఆయన చదివింది వైరస్‌లని. ఒంట్లో వైరస్ నెలల తరబడి తిష్ఠ వేస్తే దాని మీద పోరాడే టి-కణాలు చావవు, అలసిపోయి చేతులెత్తేస్తాయి. అలా అలసిన కణాల మీద పీడీ-1 దండిగా ఉంటుందని, దాన్ని అడ్డుకుంటే అవి మళ్లీ పనిలోకి దిగుతాయని ఆయన బృందం 2006లో ఎలుకల్లో చూపించింది. గడ్డలోపల ఏళ్ల తరబడి నలిగిన టి-కణాల గతీ అదే. పీడీ-1ని అడ్డుకునే మందులు పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ 2014లో బజారులోకి వచ్చాయంటే, అవి ఎందుకు పనిచేస్తాయో అర్థం కావడానికి ఈ వైరస్ పని చాలా సాయపడింది. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందు ఫొటోలు దిగే మన పిల్లల్లో ఈ పేరు ఎంతమందికి తెలుసో అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంటుంది.

ఇంకొకాయన ఉన్నారు. టిమ్-3 అనే మరో బ్రేకును గుర్తించిన ల్యాబ్ విజయ్ కుచ్రూది. ఆయన హిస్సార్‌లో పశువైద్యం చదివినవారు. కాబట్టి "నాది మైక్రోబయాలజీ కదా, నన్ను తీసుకుంటారా" అన్న బెంగ పెట్టుకోకండి.

ఇక కార్-టి. రోగి రక్తంలోంచి టి-కణాలు తీసి, క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టే కొత్త గ్రాహకం జన్యువును వైరస్ వాహకంతో వాటిలోకి ఎక్కించి, పెంచి, తిరిగి ఎక్కిస్తారు. అమెరికాలో మొదటిదానికి 2017లో అనుమతి వచ్చినప్పుడు దాని ధర 4,75,000 డాలర్లు. మన దేశంలో ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి తయారు చేసిన నెక్స్‌కార్19కి 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది, ధర అందులో సుమారు పదో వంతు. గర్వపడాల్సిన పనే. కానీ ఇప్పటిదాకా ఇది బాగా పనిచేసింది రక్త సంబంధ క్యాన్సర్లలో: బి-కణ లుకేమియా, లింఫోమా, మైలోమా. నోటిలో, రొమ్ములో, పేగులో వచ్చే గట్టి గడ్డల దగ్గరకొచ్చేసరికి చిక్కులు మొదలవుతాయి. గురి పెట్టిన గుర్తు మంచి కణాల మీదా ఉంటుంది. టి-కణాలు గడ్డలోకి చొరబడలేవు. చొరబడినవి అక్కడ అలసిపోతాయి. చూశారా, తిరిగి తిరిగి మళ్లీ రఫీ అహ్మద్ ప్రశ్న దగ్గరికే వచ్చాం. కార్ జన్యువు ఎక్కించడం ఆరు నెలల్లో ఎవరైనా నేర్పుతారు. ఎక్కించాక అది ఎందుకు పనిచేయలేదో చెప్పగలిగే మనిషికే కొరత.

మీకు ల్యాబ్ పని ఎలా ఉంటుందో తెలియకుండా ఇదంతా చెప్తే గాల్లో మేడలు కట్టినట్టే ఉంటుంది. అందుకని ఒక్క పని దగ్గరగా చూపిస్తాను. మా దగ్గర చేరినవాళ్లకి మొదట అప్పగించేది రక్తంలోంచి తెల్లకణాలు వేరు చేయడం. రక్తాన్ని సమానంగా బఫర్‌తో పలచన చేస్తాం. ట్యూబులో అడుగున ఫైకాల్ అనే చిక్కటి, రంగులేని ద్రవం ఉంటుంది. ట్యూబును ఒరగా పట్టుకుని, గోడ వెంబడి రక్తాన్ని ఎంత నెమ్మదిగా వదలాలంటే రెండూ కలవకూడదు, ఒకదాని మీద ఒకటి గీత గీసినట్టు నిలబడాలి. తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో 400 జీ బలంతో (భూమి ఆకర్షణకి 400 రెట్లు) ముప్పై నిమిషాలు. ఆగేటప్పుడు బ్రేకు వేయకూడదు, మీట ముందే ఆపేయాలి. బ్రేకు పడితే పొరలు కలిసిపోతాయి, రోగి ఇచ్చిన రక్తం వృథా. సరిగ్గా వస్తే పైన పసుపు ప్లాస్మా, కింద ఎర్రకణాల ముద్ద, మధ్యలో ఫైకాల్ మీద పలచటి తెల్లటి ఉంగరం. ఆ ఉంగరంలోనే మనక్కావలసినవన్నీ ఉంటాయి. మామూలు మనిషి రక్తమైతే మిల్లీలీటరుకు ఓ పది లక్షల కణాలు దక్కుతాయి. కీమో నడుస్తున్నవాళ్లకి అంతకంటే తక్కువ, ఒక్కోసారి ఉంగరం కంటికే ఆనదు.

ఆ తర్వాత వాటికి రంగుల యాంటీబాడీలు అంటించి ఫ్లో సైటోమీటర్ అనే యంత్రంలో ఒక్కో కణాన్నీ చూస్తాం: ఇది టి-కణమా, అందులో జబ్బు కణాలను చంపే సీడీ8 రకమా, దాని మీద పీడీ-1 ఎంత ఉంది అని. తెర మీద చుక్కల గుంపులు కనిపిస్తాయి, ఏ గుంపు చుట్టూ గీత గీయాలో మీరే తేల్చాలి. గీత కాస్త అటూ ఇటూ జరిగితే ఫలితం మారిపోతుంది. ఈ ఒక్క విద్య చేతికొస్తే ఈ దేశంలో ఎక్కడికెళ్లినా మీకు పని దొరుకుతుంది. పరిశోధన సంస్థల్లోనే కాదు, లుకేమియా నిర్ధారణ చేసే డయాగ్నోస్టిక్ ల్యాబుల్లో, అవయవ మార్పిడి చేసే ఆసుపత్రుల్లో, జీనోమ్ వ్యాలీ కంపెనీల్లో.

గడ్డ ముక్కల పని వేరే తలనొప్పి. ఆపరేషన్ థియేటర్‌లో కోసిన ముక్కని చల్లటి మీడియంలో వేసుకుని, ఐస్ పెట్టిన థర్మోకోల్ డబ్బాలో ఎంత తొందరగా ల్యాబుకి తెస్తే అన్ని కణాలు బతుకుతాయి. రెడ్‌హిల్స్‌లోనో బంజారాహిల్స్‌లోనో ఆసుపత్రి, హబ్సిగూడలోనో గచ్చిబౌలిలోనో ల్యాబ్ అయితే మీ ప్రయోగం సగం ట్రాఫిక్ పోలీసు చేతిలో ఉన్నట్టే. దీనికి ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి, రోగి సమ్మతి పత్రం. పత్రం తెలుగులో, ఉర్దూలో ఉండాలి, చదివి వినిపించాలి. "ఇది నాకు పనికొస్తదా అమ్మా?" అని అడుగుతారు. మీకు కాదు, తర్వాత వచ్చేవాళ్లకి అని చెప్పాలి. అయినా చాలామంది సంతకం పెడతారు.

ఎలుకల మాట కూడా చెప్పాలి. ఈ రంగంలో ఎలుకలు లేకుండా పీహెచ్‌డీ పూర్తిచేయడం కష్టం. గడ్డ పెరుగుతుంటే రోజు విడిచి రోజు కాలిపర్‌తో కొలవాలి. సంక్రాంతికి మీరు ఊరెళ్లినా అవి పెరుగుతూనే ఉంటాయి. జంతువుల పని మీకు పడకపోతే ముందే తేల్చుకోండి, మధ్యలో కాదు. రోగుల నమూనాలతోనో, కంప్యూటర్ విశ్లేషణతోనో నెగ్గుకొచ్చేవాళ్లు ఇప్పుడు పెరుగుతున్నారు.

ఇక్కడ ఉండి చేస్తే ఏం లాభం అన్నది మీరు అడగలేదు గానీ, నాకు చాలా ఇష్టమైన విషయం కాబట్టి చెప్తాను. నివోలుమాబ్ మామూలు మోతాదు రెండు వారాలకోసారి 240 మిల్లీగ్రాములు. మన దేశంలో దాన్ని కొనగలిగేవాళ్లు వేళ్ల మీద లెక్క. టాటా మెమోరియల్ వైద్యులు తల-మెడ క్యాన్సర్ ముదిరిన 151 మంది మీద ఒక పరీక్ష చేశారు. సగం మందికి నోటితో వేసుకునే చౌక మందులు మాత్రమే, మిగతా సగానికి వాటితో పాటు మూడు వారాలకోసారి నివోలుమాబ్ కేవలం 20 మిల్లీగ్రాములు. ఏడాది తర్వాత బతికున్నవాళ్లు మొదటి గుంపులో 16 శాతం, రెండో గుంపులో 43 శాతం. ఇంత తక్కువ మందు ఎలా పనిచేసింది? ఈ యాంటీబాడీ చిన్న మోతాదుకే టి-కణాల మీది పీడీ-1లో ఎక్కువ భాగాన్ని కప్పేస్తుంది, పైగా వారాల తరబడి ఒంట్లో నిలుస్తుంది. ఆ సంగతి ముందే తెలిసింది, పైన చెప్పిన రంగుల యాంటీబాడీల కొలత లాంటి పనితోనే. ప్రాథమిక ఇమ్యునాలజీ లెక్క సామాన్యుడి ఆసుపత్రి బిల్లు మీద పడిన సందర్భం ఇది.

ఆ చౌక మందుల్లో ఒకటి మెథోట్రెక్సేట్. అది మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికా మందుల కంపెనీ లెడర్లీలో నడిపిన బృందం నుంచి వచ్చిన మందు. ఈ ఒక్క వాక్యం కోసమే నేను ఆ పేపర్‌ని ప్రతి ఏడూ విద్యార్థులతో చదివిస్తాను.

ఇలాంటి ప్రశ్నలు ఇక్కడ గుట్టలుగా ఉన్నాయి. నోటి క్యాన్సర్ అమెరికా కంటే మన దగ్గర ఎన్నో రెట్లు సాధారణం. ఎవరికి ఈ మందు పనిచేస్తుంది, ఎవరికి డబ్బు దండగ అని ముందే చెప్పగలగడం ఒక్కటే ఒక జీవితకాలం పని. చవకైన ఇమ్యునోథెరపీ అసాధ్యమని ఎవరైనా అంటే మీ ఎడమ భుజం మీది బీసీజీ (క్షయ టీకా) మచ్చ చూపించండి. అదే బీసీజీని మూత్రాశయ క్యాన్సర్‌కి 1976 నుంచి వాడుతున్నారు, ఈ రోజుకీ మన యూరాలజిస్టులు వాడుతున్నారు.

డబ్బు సంగతి. సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకి ఇచ్చే ఫెలోషిప్) కొడితే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000, దాని మీద ఇంటద్దె భత్యం. 2023 జనవరి నుంచి ఇవే రేట్లు. హాస్టల్లో ఉంటే ఇంటికి కొంత పంపించొచ్చు కూడా. అయితే ఫెలోషిప్ నెలనెలా ఒకటో తారీఖున పడదు. ఒక్కోసారి నాలుగైదు నెలలవి కలిపి వస్తాయి, కాబట్టి చేరిన కొత్తలో చేతిలో కొంత డబ్బు ఉంచుకోండి. పీహెచ్‌డీకి అయిదారేళ్లు. దాని తర్వాత పోస్ట్‌డాక్ మూడు నుంచి అయిదేళ్లు. సీఎస్‌ఐఆర్ ఒక్కటే దారి కాదు, డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ శాఖ) వాళ్ల బెట్ పరీక్ష, ఐసీఎంఆర్ పరీక్ష, టీఐఎఫ్ఆర్ (టాటా మౌలిక పరిశోధన సంస్థ) వాళ్ల జెజీబిల్స్ పరీక్ష ఉన్నాయి. అన్నీ రాయండి.

నగరంలో ఎక్కడ? సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, హెచ్‌సీయూ లైఫ్ సైన్సెస్, గచ్చిబౌలిలో పశు బయోటెక్నాలజీ సంస్థ, గోపన్‌పల్లిలో టీఐఎఫ్ఆర్, కందిలో ఐఐటీ, శామీర్‌పేట దగ్గర బిట్స్. వీటి వెబ్‌సైట్లు తెరిచి ఒక్కో ల్యాబ్ చూడండి. నిఖార్సైన ఇమ్యునాలజీ ఇంకా ఎక్కువ కావాలంటే ఢిల్లీ ఎన్ఐఐ, పుణె ఎన్‌సీసీఎస్, బెంగళూరు ఐఐఎస్సీ, నవీ ముంబైలో టాటా వాళ్ల క్యాన్సర్ పరిశోధన కేంద్రం ఆక్ట్రెక్ ఉన్నాయి. పీహెచ్‌డీకి ఊరు దాటడానికి ఇంట్లో ఒప్పుకుంటే మొహమాటపడకుండా వెళ్లండి. హైదరాబాద్ ఎక్కడికీ పోదు.

గైడ్ విషయంలో నా మాట గట్టిగానే వినండి. పేరు కంటే, ఆ ల్యాబ్ నుంచి ఇటీవల బయటికెళ్లిన విద్యార్థుల్ని పట్టుకుని మాట్లాడండి. ఎన్నేళ్లు పట్టింది, పేపర్లో మొదటి పేరు మీదేనా, సార్ లేదా మేడమ్ కోపం ఎలాంటిది, ఫ్లో సైటోమీటర్ సొంతమా, సంస్థ ఉమ్మడి యంత్రమైతే స్లాట్ దొరకాలంటే ఎన్ని రోజులు ఆగాలి. ల్యాబులో ఉన్నవాళ్లు మొహమాటానికి మంచే చెప్తారు, వెళ్లిపోయినవాళ్లు నిజం చెప్తారు. ఇంకో చిన్న గుర్తు: ల్యాబ్ మీటింగులో కొత్త విద్యార్థి ప్రశ్న అడిగితే గైడ్ ముఖం ఎలా పెడతారో గమనించండి.

అమెరికాలో ఎంఎస్ గురించి ఒక్క ముక్క. అప్పు చేసి ఎంఎస్‌కి వెళ్లి ఇమ్యునాలజిస్టు అవుదామనుకుంటే నేను వద్దనే చెప్తాను. అక్కడ పీహెచ్‌డీకే జీతమిస్తారు, వెళ్తే నేరుగా దానికే వెళ్లాలి. 2025 నుంచి అక్కడి పరిశోధన నిధుల్లో కోతలు పడ్డాయి, ఆ సెప్టెంబరులో కొత్త హెచ్-1బీలకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. ఇక్కడ పీహెచ్‌డీ చేసి పోస్ట్‌డాక్‌కి వెళ్లడం ఇప్పటికీ దెబ్బతినని దారి. జర్మనీ, జపాన్ కూడా చూడండి.

తిరిగొచ్చాక ఏంటి? సైంటిస్టు పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ, ఇది దాచాల్సిన సంగతి కాదు. రామలింగస్వామి ఫెలోషిప్, ఇండియా అలయన్స్ ఫెలోషిప్ లాంటివి వంతెనలా పనికొస్తాయి. ఇండియా అలయన్స్ కార్యాలయం మన బంజారాహిల్స్‌లోనే ఉంది. సంస్థల్లో పోస్టు రాకపోతే కంపెనీలు. రిటుక్సిమాబ్ అనే క్యాన్సర్ యాంటీబాడీ మందుకి ప్రపంచంలోనే మొదటి బయోసిమిలర్‌ని (దాదాపు అదే పని చేసే నకలు మందుని) 2007లో తెచ్చింది మన డాక్టర్ రెడ్డీస్. యాంటీబాడీలు తయారు చేయడం, వాటి నాణ్యత కొలవడం ఈ ఊరికి కొత్త కాదు. అక్కడ పనిచేసే నా పాత విద్యార్థుల్లో ఒకరికి నాకంటే జీతం ఎక్కువ. అది చెప్పి ఏడిపిస్తుంటాడు కూడా.

ఇంట్లో సంబంధాలు చూస్తున్నారని చివర్లో రాశారు. పెళ్లి, పీహెచ్‌డీ రెండూ చేసినవాళ్లు బోలెడుమంది, నేనూ అందులో ఒకదాన్ని. అయితే ఎలుకల గదికి ఆదివారం కూడా వెళ్లాల్సి వస్తుందని సంబంధం మాట్లాడుకునే రోజే చెప్పేయండి.

మెడికల్ కోడింగ్‌ని తక్కువ చేయను. ఇల్లు మీ జీతం మీదే నడవాల్సి ఉంటే అందులో చేరండి, నెట్ సాయంత్రాలు చదవండి, కానీ రెండేళ్లు దాటనివ్వకండి. అంత అవసరం లేకపోతే ఈ ఏడాదే ఏదైనా ల్యాబులో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గానో, ఆరు నెలల డిసర్టేషన్‌కో చేరండి. ఈ పని మీ ఒంటికి సరిపడుతుందో లేదో మీకే తెలిసిపోతుంది. ఉత్తరం రాసేటప్పుడు "గౌరవనీయులైన సార్, నాకు రీసెర్చ్ అంటే ప్యాషన్" అని యాభై మందికి ఒకే మెయిల్ పంపకండి. ఆ ల్యాబ్ ఇటీవలి పేపర్ ఒకటి చదివి, అందులో మీకు అర్థం కాని బొమ్మ ఏదో, ఎందుకు అర్థం కాలేదో నాలుగు వాక్యాల్లో రాయండి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే మళ్లీ పంపండి. మాలో చాలామంది మొదటి మెయిల్ చూడం.